కాన్పయి ఆరు వారాలైనా నా భార్య రోజూ ఏడుస్తోంది, డాక్టర్‌కి చూపించాలా?

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ ఆవిడకి సిజేరియన్ అయి ఆరు వారాలైంది, పుట్టింట్లో ఉంది, మీరు హైదరాబాద్ నుంచి శని ఆదివారాల్లో వెళ్ళొస్తున్నారు. రోజూ ఏడుస్తోంది, బాబు పడుకున్నా తనకి నిద్ర పట్టడం లేదు, వాడిని ఎత్తుకోవాలంటే భయపడుతోంది, మొన్న ఫోన్‌లో "వీడికి నేను లేకపోతేనే మేలేమో" అంది. మీ అత్తగారు బాలింతలకి ఇవన్నీ మామూలే, దిష్టి తగిలిందంటున్నారు. మీ అమ్మగారేమో ఈ కాలం పిల్లలకి ఓపిక లేదంటున్నారు. డాక్టర్‌కి చూపించాలా, మందులు వాడితే పాలు మాన్పించాలా అన్నది మీ ప్రశ్న.

చూపించాలి. శనివారం దాకా ఆగకండి, ఇవాళ రాత్రికే బయల్దేరి రేపు చూపించండి. మందులు రాసినా చాలావరకు పాలు మాన్పించే అవసరం రాదు.

నేను గోదావరి జిల్లాల్లో ప్రసూతి వార్డులో స్టాఫ్ నర్సుగా మొదలుపెట్టి హెడ్ నర్సుగా చేస్తున్నాను, మొత్తం ఇరవై ఆరేళ్ళు. నేను డాక్టర్‌ని కాదు, మందు రాయను. కానీ బాలింతల పక్కన కూర్చున్న రాత్రులు లెక్కలేనన్ని ఉన్నాయి, అక్కడ చూసిందే చెబుతాను.

ముందు ఆ ఒక్క మాట సంగతి. "నేను లేకపోతేనే మేలు" అన్న మాటని నీరసంలో అన్న మాటగా వదిలెయ్యకూడదు. మీరు వెళ్ళగానే అందరినీ గదిలోంచి పంపించి, పక్కన కూర్చుని, సూటిగా అడగండి. "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా అని ఎప్పుడైనా ఆలోచించావా?" అని ఆ మాటలే వాడి అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు, అలా జరగదు. అడిగేవాళ్ళ కోసమే ఎదురు చూస్తున్నట్టు ఏడ్చి, అంతా చెప్పేసిన వాళ్ళనే నేను ఎక్కువ చూశాను. అవునంటే మాత్రం ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి, ఇంట్లో మాత్రలు, పొలానికి తెచ్చిన పురుగుమందు ఉంటే తీయించెయ్యండి, నేరుగా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్ళండి. దారిలో ఉండగానే 14416 కి ఫోన్ చెయ్యొచ్చు, అది టెలి మానస్, మనసు బాగోలేనివాళ్ళకి ఫోన్‌లో సాయం చేసే లైను, కేంద్ర ప్రభుత్వానిది, 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఈ రాత్రి బస్సులో కూర్చున్నాక మీకు మీరే భయమేస్తే మీరు కూడా చెయ్యొచ్చు.

ఇప్పుడు "మామూలే" అన్నదాని గురించి. మీ అత్తగారు పూర్తిగా తప్పు కాదు. కాన్పయిన మూడో రోజో నాలుగో రోజో, పాలు పడే సమయానికి, సగం మందికి పైగా తల్లులకి ఊరికే ఏడుపొస్తుంది, చిన్న మాటకే మనసు చివుక్కుమంటుంది. ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, నిద్ర ఉండదు, కుట్లు నొప్పి. పదో రోజుకో, మహా అయితే రెండు వారాలకో అది దానంతటదే తగ్గిపోతుంది, మందు అక్కర్లేదు. కానీ మీ ఆవిడకి ఆరు వారాలు. రెండు వారాలు దాటినా ఏడుపు, దిగులు పోకపోతే, బిడ్డ నిద్రపోయినప్పుడు కూడా తల్లికి నిద్ర పట్టకపోతే, అది మామూలు కాదు. దానికి కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ అని పేరుంది, మధుమేహం లాగా, బీపీ లాగా అదీ ఒక జబ్బే, తగ్గే జబ్బు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాల్ని, 20 వేల మందికి పైగా తల్లుల వివరాల్ని కలిపి చూసి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి పత్రికలో ఒక సమీక్ష వేశారు, నూటికి 22 మంది తల్లులకి ఉందని తేలింది. అంటే మా వార్డులో ఇరవై మంచాలుంటే నలుగురు. ఆ నలుగురూ ఎవరో మొహం చూసి చెప్పడం కష్టం. ఒకసారి ఒక టీచరమ్మ బిడ్డకి టీకా వేయించడానికి వచ్చింది, చక్కగా నవ్వుతూ, జడ వేసుకుని, పూలు పెట్టుకుని. బిడ్డ బరువు బాగా పెరిగింది, అందరూ సంతోషం. నేను తలుపు దగ్గరగా వేసి "నువ్వెలా ఉన్నావమ్మా?" అన్నాను. అంతే, అరగంట ఏడ్చింది. రెండు నెలల్లో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు ఒక్కరూ లేరట, వచ్చినవాళ్ళంతా "పాలు సరిపోతున్నాయా?" అనే అడిగారట.

ఎడిన్‌బరో స్కేల్ అని ఒక పది ప్రశ్నల కాగితం ఉంది, స్కాట్లాండ్‌లో 1987లో తయారుచేశారు, పోయిన ఏడు రోజుల్లో మనసెలా ఉందో అడుగుతుంది. మొత్తం 30 మార్కులు, 13 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డిప్రెషన్ ఉండే అవకాశం బాగా ఎక్కువని లెక్క, కొన్నిచోట్ల 10 నుంచే జాగ్రత్త పడతారు. పదో ప్రశ్న, తనకి తాను హాని చేసుకోవాలనిపించిందా అన్నది. మొత్తం మార్కులు ఎంత తక్కువొచ్చినా ఆ ఒక్కదానికి "అవును" అని ఉంటే ఆ తల్లిని అలా ఇంటికి పంపించం.

బాబుని ఎత్తుకోవడానికి భయం. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇంట్లోవాళ్ళు దీన్నే తప్పుగా అర్థం చేసుకుంటారు, బిడ్డ మీద ప్రేమ లేదంటారు. చాలాసార్లు అసలు సంగతి వేరు. ఒకమ్మాయి కూరగాయల కత్తి ఇంట్లో కనబడకుండా దాచెయ్యమని వాళ్ళమ్మని బతిమాలేది, బిడ్డని పట్టుకుని డాబా మెట్లు ఎక్కేది కాదు, స్నానం చేయించమంటే వణికిపోయేది. విడిగా అడిగితే చెప్పింది, "అక్కా, చెయ్యి జారి పడేస్తానేమో, నేనే ఏమైనా చేసేస్తానేమో అని బొమ్మలు బొమ్మలుగా కళ్ళ ముందుకొస్తున్నాయి, నేను రాక్షసినా?" అని. కాదు. వద్దన్నా దూసుకొచ్చే ఇలాంటి ఆలోచనలు కొత్త తల్లుల్లో చాలామందికి వస్తాయి, దిగులు, ఆందోళన ఉన్నవాళ్ళకి మరీ ఎక్కువ వస్తాయి. ఆ ఆలోచనకి ఆమే అందరికంటే ఎక్కువ భయపడి, బిడ్డని కాపాడుకోవడానికే దూరం జరుగుతుంది. మీ ఆవిడ భయం అలాంటిదేనా కాదా అన్నది డాక్టర్ మాట్లాడి తేల్చాలి, మీరు ఇంట్లో తీర్పు చెప్పకండి. "ఏ ఆలోచన వస్తోందో నాకు చెప్పు, నేను నిన్ను తప్పు పట్టను" అనండి చాలు. చెప్పాక మొహంలో అసహ్యం చూపించకండి, ఆమె చూసేది మీ మొహాన్నే.

దీనికి పూర్తిగా వేరైనది ఇంకొకటి ఉంది. మన పెద్దవాళ్ళు బాలింత సన్నిపాతం అనేవాళ్ళు. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. రెండు మూడు రాత్రులు అసలు నిద్రపోదు, ఆపకుండా మాట్లాడుతుంది, లేని గొంతులు వినబడతాయి, బిడ్డ తనది కాదంటుంది, మార్చేశారంటుంది, లేదా వీడు దేవుడంటుంది, గంటకో రకంగా మారిపోతుంది. మా వార్డు నుంచి ఇంటికెళ్ళిన ఒకమ్మాయిని ఎనిమిదో రోజున తీసుకొచ్చారు, అప్పటికి రెండు రోజులు భూతవైద్యుడి దగ్గర తిప్పి, వేపమండలతో కొట్టించి. ఇది అత్యవసరం, గుండెపోటంత అత్యవసరం, ఒక్క రాత్రి కూడా ఆగకూడదు, బిడ్డని ఆమె దగ్గర ఒంటరిగా ఉంచకూడదు. ఆ అమ్మాయి కొన్ని వారాల్లో మామూలు మనిషైంది. తర్వాత రెండో కాన్పుకి గర్భం రాకముందే సైకియాట్రిస్ట్‌తో మాట్లాడి పెట్టుకుంది, ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి.

ఇక ఒంటి సంగతి. మనసు బాగోలేదనగానే అందరూ మనసునే చూస్తారు, కానీ ఆరు వారాల బాలింత ఒళ్ళు ఇంకా కోలుకోలేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. మిగతా ఏ పెద్ద ఆపరేషనైనా చేయించుకున్న మనిషికి విశ్రాంతి ఇస్తాం, బాలింతకి మాత్రం ఆపరేషనై మత్తు వదలగానే రాత్రంతా మేలుకునే డ్యూటీ వేస్తాం. అదే సర్వేలో రక్తహీనత ఆంధ్రాలో 58.8 శాతం ఆడవాళ్ళకి, తెలంగాణలో 57.6 శాతం మందికి. రక్తం తక్కువగా ఉన్న మనిషికి మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, దేని మీదా మనసు పోకపోవడం, చిరాకు ఉంటాయి, ఇవి డిప్రెషన్‌తో కలిసిపోయి కనబడతాయి. థైరాయిడ్ అంతే, కాన్పు తర్వాత మొదటి ఏడాదిలో కొంతమందికి ముందు పెరిగి దడ, నిద్రలేమి తెస్తుంది, తర్వాత తగ్గి మబ్బు, దిగులు తెస్తుంది. అందుకని రేపు డాక్టర్‌ని హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కి చేసే రక్తపరీక్ష) రాయమని అడగండి, బీపీ చూడమనండి, కుట్టు చూపించండి. ఐరన్ మాత్ర కాన్పు తర్వాత 180 రోజులు రోజూ వేసుకోవాలి, ఇంటికొచ్చాక ఆ స్ట్రిప్పు బీరువాలోకి పోయిందేమో చూడండి. ఐరన్‌ని టీతో, పాలతో, క్యాల్షియం మాత్రతో కలిపి వేసుకోకూడదు, మధ్యలో గంటా రెండు గంటలు ఎడం ఉండాలి.

పత్యం గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. మన పద్ధతుల్లో మంచివి చాలా ఉన్నాయి. పుట్టింటికి తీసుకురావడం, ఒళ్ళు పట్టడం, వేడి నీళ్ళ స్నానం, వేరే పని చెప్పకపోవడం, ఇవన్నీ తల్లి కోసం పుట్టినవే. వెల్లుల్లి కారం, తెలగపిండి కూర, మునగాకు, సొరపుట్టు పెట్టండి, బాలింతలకి చేసే కాయం లేహ్యం ఒక ముద్ద తింటే తప్పులేదు. కానీ నీళ్ళు తాగితే పొట్ట వస్తుందని గ్లాసుల లెక్కన నీళ్ళివ్వడం, పప్పు తింటే కుట్టు చీము పడుతుందని నెల రోజులు పప్పు ఆపెయ్యడం మానెయ్యాలి. పాలిచ్చే తల్లికి మామూలు కంటే రోజుకి 600 క్యాలరీలు అదనంగా కావాలని హైదరాబాద్‌లో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క, అంటే దాదాపు ఒక పూట భోజనం ఎక్కువ. మనమేమో ఉన్న పూట తగ్గిస్తున్నాం. కుట్టు మానాలంటే మాంసకృత్తులే కావాలి, పప్పు, గుడ్డు, చేప, పెరుగు అన్నీ పెట్టండి. నీళ్ళ సంగతి నేను మర్చిపోలేను. ఎండాకాలంలో ఒక పిల్లని పద్దెనిమిదో రోజున ఫిట్స్‌తో తీసుకొచ్చారు. మూడు రోజులుగా తలపోటు అంటోందట, బాలింతకి గాలి తగిలిందని తలకి గుడ్డ కట్టి, తలుపులేసి, నీళ్ళు ఇంకా తగ్గించారు. మెదడులో సిరలో రక్తం గడ్డకట్టింది. కాన్పు తర్వాత కొన్ని వారాలు రక్తం గడ్డకట్టే గుణం మామూలుగానే ఎక్కువ, దానికి నీళ్ళు లేకపోవడం, కదలకుండా పడుకోబెట్టడం తోడైతే ప్రమాదం. ఆ పిల్ల బతికింది, చెయ్యి మాత్రం చాన్నాళ్ళు సరిగా రాలేదు. కాబట్టి దాహమైనప్పుడల్లా నీళ్ళు, పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు, ఇంట్లో అటూ ఇటూ నడక. మూసిన గదిలో బొగ్గుల కుంపటి కూడా వద్దు, ఆ పొగ తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదమే.

ఆరు వారాల లోపు ఏ బాలింతకైనా విపరీతమైన తలపోటు, చూపు మసకబారడం, ఫిట్స్, గంటలో ఒక ప్యాడ్ తడిసిపోయేంత రక్తం, చలితో జ్వరం, ఒక కాలు మాత్రం వాచి నొప్పి, ఊపిరి ఆడకపోవడం, వీటిలో ఏదొచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళిపోవాలి. గర్భంలో బీపీ లేనివాళ్ళకి కూడా కాన్పు తర్వాత కొత్తగా బీపీ రావొచ్చు.

మందుల ప్రశ్న. ముందు గైనకాలజిస్ట్‌కి చూపించి, ఆవిడ చేతే సైకియాట్రిస్ట్‌కి రాయించండి, లేదా నేరుగా వెళ్ళండి. గవర్నమెంట్ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. "పిచ్చి డాక్టర్ దగ్గరికా?" అని ఇంట్లో ఎవరో అంటారు, అననివ్వండి. మధ్యరకంగా ఉంటే మాటల వైద్యంతోనే చాలామందికి తగ్గుతుంది. పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గర పల్లెల్లో మన ఆశా కార్యకర్తల్లాంటి ఆడవాళ్ళకి శిక్షణ ఇచ్చి, డిప్రెషన్ ఉన్న గర్భిణుల ఇళ్ళకి వెళ్ళి పద్ధతిగా మాట్లాడించారు, 2008లో ఫలితాలు వచ్చాయి. బిడ్డకి ఆరు నెలలొచ్చేసరికి అలా మాట్లాడిన తల్లుల్లో 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది, మామూలుగా పలకరించి మాత్రం వెళ్ళిన ఇళ్ళలోని తల్లుల్లో 53 శాతం మందికి ఉంది. మన ఊళ్ళలాంటి ఊళ్ళే అవి, అత్తాకోడళ్ళూ అంతే, అందుకే నాకు ఆ లెక్క మీద అంత నమ్మకం.

చనిపోవాలనే ఆలోచన ఉంటే, తిండీ నిద్రా పోయి ఉంటే మందు కూడా కావాలి. సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులు తల్లిపాలలోకి చాలా కొద్దిగా వెళతాయి, పాలిస్తూనే వాడే తల్లులు చాలామంది ఉన్నారు. "నేను పాలిస్తున్నాను" అని డాక్టర్‌కి మొదటి మాటగా చెప్పండి, దాన్ని బట్టే మందు ఎంచుతారు. కొన్ని మందులకి మాత్రం జాగ్రత్త వేరు, అది వాళ్ళు చూసుకుంటారు. మందు పనిచెయ్యడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు, పదో రోజున తేడా లేదని ఆపకండి, బాగైందని నెలకే ఆపకండి, ఆపడం కూడా డాక్టర్ చెప్పినట్టు మెల్లగానే. ఇంట్లో ఎవరివో నిద్రమాత్రలు అస్సలు ఇవ్వొద్దు. ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే బిడ్డని లాక్కుంటారని కొంతమంది తల్లులు భయపడి నోరు విప్పరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మూడేళ్ళ లోపు బిడ్డని చికిత్సలో ఉన్న తల్లి నుంచి మామూలుగా విడదీయకూడదని ఉంది. బెంగళూరులో నిమ్‌హాన్స్ అనే పెద్ద మానసిక వైద్యశాలలో అయితే 2009 నుంచి తల్లీబిడ్డా కలిసి ఉండి చికిత్స తీసుకునే వార్డే ఉంది.

మీరు చెయ్యగలిగిన పనుల్లో అన్నిటికంటే పెద్దది, రాత్రి నాలుగైదు గంటలు ఒకే గుక్కలో ఆమెకి నిద్ర దొరికేలా చూడటం. పది గంటలకి ఒకసారి పాలిచ్చి ఆమె వేరే గదిలో పడుకోవాలి, బాబు మీ దగ్గరో అత్తగారి దగ్గరో. మధ్యలో లేస్తే ముందే పిండి ఫ్రిజ్‌లో పెట్టిన తల్లిపాలని గిన్నెతో సహా వేడి నీళ్ళలో ఉంచి నులివెచ్చగా చేసి ఉగ్గుగిన్నెతో పట్టండి. పాలు సరిగా పడకపోతే డాక్టర్‌ని అడిగి డబ్బా పాలు ఒక పూట పట్టినా తల్లి తప్పు చేసినట్టు కాదు, ఆ మాట ఆమె ముందు మీ నోటితోనే అనండి. శని ఆదివారాల్లో వెళ్ళి బిడ్డని ఎత్తుకుని ఫోటోలు దిగి వచ్చెయ్యడం చాలదు తమ్ముడూ, కోప్పడి అనడం లేదు, కనీసం రెండు వారాలు సెలవు పెట్టి అక్కడ ఉండండి. చూడటానికి వచ్చేవాళ్ళని గుమ్మం దగ్గరే ఆపే పని కూడా మీదే. ఆడపిల్ల పుట్టిందని మొహం మాడ్చేవాళ్ళూ, మా కాలంలో మేము పొలంలో కని ఇంటికొచ్చామనేవాళ్ళూ బాలింత మంచం దగ్గర కూర్చోకూడదు.

మీ అమ్మగారితో, అత్తగారితో గొడవ పడకండి. ఆ తరంలో చాలామందికి ఇదే వచ్చింది, ఎవరూ పేరు పెట్టలేదు, వాళ్ళు దాన్ని అలాగే మోశారు. నా మొదటి కాన్పులో నేనే నలభై రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నాను, నర్సునై ఉండి కూడా ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు మా పెద్దమ్మ వచ్చి బిడ్డని తీసుకుని "నువ్వు పడుకో తల్లీ, నేనున్నా" అంది, ఆ మధ్యాహ్నం పడుకున్న నిద్ర నాకింకా గుర్తుంది. మీ అత్తగారికి దిష్టి తీయాలనిపిస్తే తీయనివ్వండి, ఉప్పూ మిరపకాయలతో నష్టం లేదు, ఆసుపత్రికి వెళ్ళడం మాత్రం ఆపకూడదు.

మీ గురించి కూడా. కొత్త తండ్రుల్లోనూ పదిమందిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. మీ నిద్ర, మీ తిండి పాడైతే మీరూ చెప్పుకోండి.

ఇది చదువుతున్న గర్భిణులకి ఒక మాట. ఈ దిగులు చాలామందికి కడుపుతో ఉండగానే మొదలవుతుంది, ఏడో నెలలో నిద్ర పట్టక ఏడుస్తుంటే అప్పుడే చెకప్‌లో చెప్పండి. ఇంతకు ముందు డిప్రెషన్‌కి మందులు వాడి ఉంటే గర్భం అని తెలియగానే సొంతంగా ఆపెయ్యకండి, డాక్టర్‌ని కలవండి.

రేపు వెళ్ళేటప్పుడు డిశ్చార్జ్ కాగితం, పాత రక్తపరీక్షలు, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు అన్నీ తీసుకెళ్ళండి. ఎప్పుడు మొదలైంది, రాత్రికి ఎన్ని గంటలు పడుకుంటోంది, ఏమేం అంది అన్నది ఇవాళే ఒక కాగితం మీద రాసుకోండి, డాక్టర్ ముందు సగం మర్చిపోతారు. ఆ "లేకపోతేనే మేలు" అన్న మాట కూడా అలాగే, మార్చకుండా రాయండి. డాక్టర్‌తో ఆమె కాసేపు ఒంటరిగా మాట్లాడే వీలు ఇమ్మని అడగండి, మీరు కూడా బయటికొచ్చెయ్యండి. బాబుని తీసుకెళ్ళండి, లైనులో కూర్చున్నప్పుడు పాలడుగుతాడు. చూపించాక డాక్టర్ ఏమన్నారో ఇక్కడ రాయండి, రాత్రి డ్యూటీ అయ్యాక చూస్తాను.